తారు పళ్ళెం

చేను పడమటి అంచు నల్లగా కదులుతోంది.

రొజాలియా నడుస్తున్నదల్లా ఆగిపోయింది. ముందు మబ్బు నీడేమో అనుకుంది. తలెత్తి చూస్తే ఆకాశంలో చిన్న మబ్బు తునక కూడా లేదు. వంగి చూసింది. మోకాలెత్తు గోధుమ మొక్కల నిండా మిడత పిల్లలు. ఎండ ఇంకా ఎక్కలేదు కాబట్టి గెంతడం లేదు. తింటున్నాయి. చెవి దగ్గర పెడితే ఎవరో సన్నటి కత్తెరతో గుడ్డ కత్తిరిస్తున్నట్టు చప్పుడు.

మొన్ననే ఈ చేను శుభ్రం చేసింది. వీటికింకా రెక్కలు రాలేదు, ఎగిరి వచ్చి వాలేందుకు. అంటే నేల మీద నడిచే వచ్చాయి. కానీ ఒక్క రోజులో ఇన్ని నడిచి రావు, ఎవరో తోలితే తప్ప.

మధ్యనున్న గడ్డి గట్టు దాటి అన్న చేలోకి అడుగుపెట్టింది. మతౌష్ చేను పచ్చగా, నిండుగా నిలబడి ఉంది. ఒక్క ఆకు చిరగలేదు. మొక్కల మధ్య నేల మీద పళ్ళెం జారిన గీతలు కనిపించాయి.

ఆ గీతలు చూశాక ఆమెకు ఇంకేమీ అడగాల్సిన పని లేకపోయింది.

తారు పళ్ళెం తయారుచేసింది ఆమె భర్త ప్రోకోప్. మిడతలు వచ్చిన మొదటి ఏడాది అతను రెండు రోలర్ల యంత్రం కట్టాడు, మధ్యలో పడ్డ మిడతల్ని నలిపేయడానికి. పూట తిరక్కుండానే అది జిగురు ముద్దతో బిగుసుకుపోయింది. రెండో ఏడాది మిడతల్ని సంచిలోకి పీల్చే పెద్ద గాలి పంకా కట్టాడు. అది మిడతల్ని వదిలేసి దుమ్ముని పీల్చింది. సముద్రం దాటి బొహీమియా నుంచి వచ్చి వాగు పక్క కాపురాలు పెట్టినవాళ్ళందరూ పడీ పడీ నవ్వారు. మూడోసారి ఎవరూ నవ్వలేదు. రెండు నిలువుల వెడల్పు ఇనప రేకు, దాని వెనక నిలువుగా గుడ్డ తెర, అడుగున జారడానికి రెండు చెక్క బద్దలు. రేకు మీదా తెర మీదా చిక్కగా తారు పూస్తారు. రెండు చివర్లా రెండు గుర్రాలు కట్టి లాగుతారు. బెదిరిన మిడత పైకి గెంతుతుంది, దిగేసరికి తారులో ఉంటుంది. నిండాక గీకి, గుట్ట పోసి తగలబెట్టడమే.

అయితే గెంతిన వాటిలో కొన్ని ముందుకు తప్పించుకుంటాయి. అందుకే ప్రోకోప్ ఒక నియమం పెట్టాడు. ఎవరైనా పళ్ళేన్ని తమ చేను అంచు నుంచి మొదలుపెట్టి, చుట్టూ తిప్పుతూ, లోపలికి లాగాలి. తప్పించుకున్నవి నడుమకి చేరతాయి. ఆఖరి చుట్లలో అక్కడ వాటిని ఊడ్చేయాలి. నడుమది తీయకుండా వదిలేస్తే పొద్దుట్నించీ చేసిందంతా దండగే, మళ్ళీ చేనంతా పరుచుకుంటాయి. ఇంకో దారి కూడా ఉంది. తిన్నగా పక్కవాడి చేనువైపు లాగితే సగం పనికే నీ చేను శుభ్రమవుతుంది. ఆ దారి ఎవరూ పట్టకూడదని రెండిళ్ళవాళ్ళూ సిలువ ముట్టుకుని ఒట్టేసుకున్నారు.

మతౌష్ చేలో గీతలు గుండ్రంగా లేవు. ఆ చివర నుంచి ఈ చివరకి తిన్నగా, ఒకదాని పక్కన ఒకటి వచ్చి, రొజాలియా గట్టు దగ్గర ఆగాయి.

*

మతౌష్ కొట్టం ముందు కూర్చుని గుర్రం పట్టీలకి కొవ్వు రాస్తున్నాడు. అతని భార్య అపొలెనా, నిండు నెలల కడుపుతో, గుమ్మంలో నిలబడి బంగాళదుంపలు చెక్కు తీస్తోంది.

"అన్నయ్యా, నిన్న పళ్ళెం ఎటు లాగావు?"

"ఎటు లాగుతారు? గుర్రాలు ఎటు పోతే అటు," అన్నాడు మతౌష్ నవ్వుతూ. "ఏంటే, పొద్దున్నే బార్లీ కాఫీ పడలేదా? మొహం అట్లా మాడ్చుకున్నావ్?"

"నీ చేలో గీతలు చూసొచ్చాను."

మతౌష్ పట్టీకి కొవ్వు రాస్తూనే ఉన్నాడు. రాసిన చోటే మళ్ళీ రాస్తున్నాడు.

"చెప్పెయ్యి," అంది అపొలెనా తల ఎత్తకుండా. "ఆవిడేం గుడ్డిది కాదు."

"నువ్వు నోరుమూసుకో." మతౌష్ పట్టీ పక్కన పెట్టాడు. "చూడు చెల్లీ. రెండేళ్ళు రెండిళ్ళూ కలిసి పస్తులున్నాం. ఈసారీ ఇద్దరం సగం సగం కాపాడుకుంటే ఇద్దరికీ సగం కడుపే. ఒక్క చేనైనా పూర్తిగా దక్కాలి. అంతే నేను చూసింది."

"అందుకని నాది మేపేశావు."

"నీ ఒక్కదాన్నీ వదిలేస్తానా? చలికాలం వచ్చేలోపు మా ఇంటికి వచ్చెయ్. నీకు పక్క వేస్తాం. రొట్టె ఉంటుంది. దీని కాన్పుకి ఇంకెవరున్నారు చెప్పు?"

"ప్రోకోప్‌కి పక్క ఎక్కడ వేస్తావ్?"

అపొలెనా కత్తి ఆగిపోయింది. మతౌష్ చెల్లెలి వైపు చూడకుండా కొట్టం తలుపు వైపు చూశాడు.

"బావ ఈ చలికాలం దాటడు, చెల్లీ. నీకూ తెలుసు."

"డాక్టరు అలా చెప్పలేదు. కదపొద్దన్నాడు. కుదుపు తగిలితే ఊపిరితిత్తుల్లోంచి మళ్ళీ రక్తం పడుతుందన్నాడు. ఉన్నచోటే ఉంచి, వెచ్చగా పెట్టి, కడుపునిండా తిండి పెడితే గట్టెక్కొచ్చన్నాడు. గోధుమ ఉంటే మేం ఎటూ కదలక్కర్లేదు. లేకపోతే బండెక్కించాలి. బండెక్కిస్తే చచ్చిపోతాడు. నువ్వు తోలింది మిడతల్నే అనుకుంటున్నావా?"

మతౌష్ లేచి నిలబడ్డాడు.

"ఇవాళ నా వంతు. గుర్రం ఇవ్వు," అంది రొజాలియా.

రెండిళ్ళకీ చెరో గుర్రమే మిగిలింది, రొజాలియా వాళ్ళది లిష్కా. పళ్ళేనికి రెండూ కావాలి. ఒక్కటే లాగితే పళ్ళెం ఒక పక్కకి తిరిగిపోతుంది.

"కుంటుతోంది," అన్నాడు.

"ఏ కాలు?"

మతౌష్ కొట్టంలోకి తొంగి చూశాడు.

"కాలు కూడా ఆలోచించి పెట్టుకోలేదా అన్నయ్యా?"

"సరే, కుంటడం లేదు!" అతని గొంతు లేచింది. "ఇస్తే ఏం చేస్తావ్? నేను చేసిందే నువ్వూ చేస్తావ్. తిన్నగా నా మీదికి తోలతావ్."

"నేను ఒట్టు తప్పను."

"నేను తప్పానుగా. కడుపు కాలితే నువ్వూ తప్పుతావ్. వెళ్ళు."

*

ప్రోకోప్ మంచం కిటికీ పక్కనే ఉంది. మట్టిగడ్డల గోడ మందంగా ఉండడంతో ఆ కిటికీలోంచి చిన్న ముక్కే కనిపిస్తుంది. ఆ ముక్కలోంచే అతను లోకాన్నంతా చూస్తుంటాడు.

"మీ అన్న గుర్రం రాలేదేం?"

"కుంటుతోందిట."

"అలాగా? ఇందాకే చూశాను. ఆ కుంటి గుర్రం కంచె దూకి పోయింది." నవ్వబోయి దగ్గాడు. గుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని, తీసి, ఆమెకు కనిపించకుండా మడిచాడు. "ఏమైందో చెప్పు. మంచంలో ఉన్నవాడికి అబద్ధాలు చెబితే పాపం."

చెప్పింది. గీతల గురించి, గుర్రం గురించి. చలికాలం గురించి సగమే చెప్పింది.

"నిన్ను రమ్మన్నాడు. బావుంది. నాకు చోటు లేదన్నాడా?"

"అనలేదు."

"ఉందనీ అనలేదుగా."

రొజాలియా పొయ్యిలోకి గడ్డి మెలికలు తోస్తూ కూర్చుంది. పులుసు అప్పటికే మరుగుతోంది, ఇంక మంట అక్కర్లేదు.

"లే," అన్నాడు ప్రోకోప్. "ఎండెక్కుతోంది, ఇక గెంతుతాయి. లిష్కాని ఒక పక్క కట్టు. రెండో పక్క తాడు నువ్వే పట్టుకో. అంచు చుట్టైనా తీయి. ఈలోపు నేనో ఉపాయం ఆలోచిస్తాను."

"మళ్ళీ రోలర్లా?"

"పోవే! పెళ్ళాలే ఇట్లా నవ్వితే ఊరు నవ్వదా? ఈసారి పనిచేసేదే. ఆ నీలం చొక్కా ఇటు పడెయ్. చలేస్తోంది."

జూన్ నెలలో చలేమిటని ఆమె అడగలేదు. అతనికి ఎప్పుడూ చలే. చొక్కా తొడిగి, బొత్తాలు పెట్టి, నుదుటి మీద చెయ్యి వేసి చూసి, బయటికి వెళ్ళింది.

*

ఆడమనిషి గుర్రం కాదు. లిష్కా ఒక అడుగు వేస్తే రొజాలియా పక్క పళ్ళెం వెనకబడి నేలలోకి దిగబడింది. తాడు భుజం కోస్తోంది. మిడతలు వానలా గెంతి, సగం తారులో పడి, సగం ఆమె మొహం మీద పడుతున్నాయి. జుట్టులో, మెడ దగ్గర, జాకెట్టు లోపల. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

సిరిల్ బండి దుమ్ము రేపుకుంటూ ఇంటివైపు పోవడం దూరం నుంచి చూసింది. సిరిల్ మొరావియా వాడు. రైలు ఆగే ఊరి నుంచి తారు పీపాలు తెచ్చి దింపి, ఖాళీలు ఎక్కించుకుపోతాడు. పీపా వాకిట్లో పెట్టి పోతాడులే అనుకుని మళ్ళీ తాడు భుజానికెత్తింది.

ఒక్క చుట్టు పూర్తికాకముందే మోకాళ్ళ మీద పడిపోయింది.

లేచేసరికి ఎదురుగా మతౌష్. పక్కన అతని గుర్రం, పట్టీలు తగిలించి సిద్ధంగా.

"తాడు ఇటివ్వు," అన్నాడు.

"ఏమైంది నీకు?"

"ఇవ్వమంటే ఇవ్వు. పొద్దు పోతోంది."

తన మాటలే అతన్ని కదిలించి ఉంటాయని రొజాలియా అనుకుంది. చిన్నప్పుడు కూడా మతౌష్ అంతే. కొట్టి, అరిచి, కాసేపటికి వచ్చి తన వాటా గసగసాల కొలాచీ రొట్టె చేతిలో పెట్టేవాడు. ఆమె తాడు ఇచ్చేసింది.

ఇద్దరూ కలిసి లాగారు. అంచు నుంచి లోపలికి, చుట్టు తర్వాత చుట్టు. మతౌష్ గుర్రాల్ని నడిపాడు, రొజాలియా వెనక పారతో రేకు గీకింది. గీకిన ముద్దని గుట్టగా పోసి నిప్పు పెడితే నల్లటి పొగ తిన్నగా పైకి లేచింది. పీపాలో తారు అడుగుకి వచ్చింది. చేను అంచులు ఒక్కొక్కటే పచ్చగా బయటపడ్డాయి.

మధ్యాహ్నం దాటేసరికి ఆమెకు ఒళ్ళంతా నొప్పులే. అయినా మనసు తేలికైంది. నడుమ మిగిలిన ముక్క మాత్రం నల్లగా ఉడుకుతోంది. తప్పించుకున్నవన్నీ అక్కడే ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. ఇంక మూడు నాలుగు చుట్లు తిరిగితే అయిపోతుంది.

"నువ్వు మాట్లాడవేం?" అంది అన్నతో. "నేను మర్చిపోతానులే. నిన్నటిది."

మతౌష్ కళ్ళెం సర్దుతూ ఉండిపోయాడు.

అపొలెనా మజ్జిగ కుండ నడుముకి ఆనించుకుని మెల్లగా నడిచి వచ్చింది. ఏడ్చినట్టు ఆమె మొహం ఉబ్బి ఉంది. రొజాలియా రెండు గుక్కలు తాగి కుండ తిరిగి ఇవ్వబోయింది.

"వదినా, దాంట్లో కాస్త మా ఆయనకి పోసి రావూ? పొద్దుట్నించీ ఏం తిన్నాడో ఏమో."

అపొలెనా కుండ అందుకోలేదు.

"వదినా?"

"ఆయన ఇంట్లో లేడు," అంది అపొలెనా.

"నోరుముయ్యమన్నానా లేదా?" మతౌష్ అరిచాడు.

"ఎందుకు మూయాలి? నేను మూసుకున్నంతసేపూ నా కడుపులోది తంతోంది!" అపొలెనా రొజాలియా వైపు తిరిగింది. "ఆయన సిరిల్ బండెక్కి మా ఇంటికి వచ్చాడు. నీలం చొక్కా వేసుకుని, పెళ్ళికొడుకులాగా. ఒమాహా పట్నంలో నన్‌ల ఆసుపత్రికి పోతున్నానన్నాడు. మీ అన్నతో అన్నాడు. 'నేను లేకపోతే ఆ గోధుమ మీ ఇంటికే వస్తుంది కదా బావా, ఇప్పుడు లాగుతావా?' అని."

రొజాలియా చేతిలో కుండ జారి నేల మీద పడింది.

"లాగుతానన్నావా?" అని అడిగింది అన్నని.

"నేను పొమ్మనలేదు," అన్నాడు మతౌష్. "ఆయనే వచ్చాడు. ఆయనే అడిగాడు. నేను తల ఊపానంతే."

ఆమె పరుగెత్తి పళ్ళెం చివర లిష్కా కట్టు విప్పింది. రెండో చివరకి పరుగెత్తింది. మతౌష్ అడ్డం నిలబడ్డాడు.

"పిచ్చెక్కిందా? నడుమది తీయకుండా పోతే ఏమవుతుందో తెలుసా? మూడు చుట్లు, చెల్లీ! ముందు ఇది అవగొట్టు. సిరిల్ బండి నత్తనడక, ఎక్కడికి పోతుంది? తర్వాత నేనే నీతో వస్తాను."

"కుదుపు తగిలితే చచ్చిపోతాడు అన్నయ్యా."

"అలా అయితే ఇప్పటికే..." మతౌష్ నాలుక కరుచుకున్నాడు.

రొజాలియా పక్కనున్న పార ఎత్తింది. దాని నిండా తారు, తారులో ఇంకా కాళ్ళు కొట్టుకుంటున్న మిడతలు.

"పక్కకి జరుగు."

జరిగాడు.

*

తేలిక బండికి రెండు గుర్రాలూ కట్టి, ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ బండిలో పరిచింది. గడ్డి మైదానం మీద దారి అంటే చక్రాలు తవ్విన రెండు గాడులే. ప్రతి గుంట దగ్గరా బండి ఎగిరి పడింది. ఎగిరినప్పుడల్లా ఈ గుంటలోనే సిరిల్ బండీ ఎగిరి ఉంటుందని ఆమెకు తడుతూనే ఉంది. అతని కింద దుప్పట్లు కూడా లేవు, చెక్కలే.

వాగు దాటే చోట సిరిల్ బండి ఆగి ఉంది.

ఎంత దూరమూ పోలేదు. ఆగిపోయి చాలాసేపైంది. ఎద్దులు కాడి విప్పించుకుని గడ్డి మేస్తున్నాయి. పీపాల నీడలో ప్రోకోప్ పడుకుని ఉన్నాడు. తల కింద సిరిల్ కోటు మడత పెట్టి ఉంది. నీలం చొక్కా ముందువైపు రంగు మారిపోయింది.

సిరిల్ టోపీ చేతిలో పట్టుకుని లేచాడు.

"అమ్మా, ఆపుతానంటే ఆపనిచ్చాడు కాదు. పోనీ పోనీ అంటూనే ఉన్నాడు. ఆ దిబ్బ దగ్గర దగ్గు మొదలైంది. ఇంక ఆగలేదు. నేను వెనక్కి తిప్పుతానన్నాను. 'తిప్పితే మా బావ గుర్రాన్ని విప్పేస్తాడు, అయ్యేదాకా ఆగు' అన్నాడు. జోకులేశాడమ్మా, అంత రక్తంలోనూ. దూరంగా మీ చేను మీద పొగ కనిపిస్తే 'అదిగో, లాగుతున్నారు' అన్నాడు. తర్వాత ఏమీ అనలేదు."

రొజాలియా అతని పక్కన కూర్చుంది. చొక్కా బొత్తాలు పొద్దున తను పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. చెయ్యి పట్టుకుంది. ఎండలో ఉన్నా చల్లగా ఉంది.

"ఎక్కిద్దాం పట్టు," అంది సిరిల్‌తో.

దుప్పట్ల మీద పడుకోబెట్టి ఇంకోటి పైన కప్పారు. తిరుగుదారిలో ఆమె ప్రతి గుంట దగ్గరా గుర్రాల్ని ఆపి, మెల్లగా దించి, మెల్లగా ఎక్కించింది. అంత జాగ్రత్త ఇప్పుడెందుకని సిరిల్ అడగలేదు. తన బండిని ఆమె వెనకే నడిపాడు.

*

జూన్ పొద్దు త్వరగా వాలదు. దిబ్బ ఎక్కేసరికి చేను మీద ఇంకా వెలుగుంది.

పైనుంచి చూస్తే చేనంతా పచ్చగా ఉంది. నడుమ ఎక్కడా నలుపు లేదు. అక్కడ రెండు ఆకారాలు పళ్ళేనికి రెండు చివర్లా వంగి తాళ్ళు లాగుతున్నాయి. ఒకటి మతౌష్. రెండోది నిండు కడుపుతో అపొలెనా, నాలుగడుగులకోసారి ఆగి, నడుం పట్టుకుని, మళ్ళీ లాగుతోంది. వాళ్ళు గుర్రాలు లేకుండానే నడుమది తీశారు. గోధుమ దక్కింది. ఇద్దరికి చలికాలమంతా సరిపోయే గోధుమ, గాలికి మెల్లగా అలలు పోతోంది.

బండి చప్పుడు విని మతౌష్ తాడు వదిలేశాడు. తడబడుతూ పరుగెత్తుకొచ్చాడు. చేతులు, మెడ, గడ్డం, అంతా తారు. భుజం మీద తాడు కోసిన చోట చొక్కా చిరిగి చర్మం కనిపిస్తోంది.

"తీసేశాం చెల్లీ! నడుమదంతా తీసేశాం. ఒక్కటి కూడా మిగల్లేదు. వచ్చి చూడు. ఇంక బావని కదపక్కర్లేదు. ఇంట్లోనే ఉంచు, నా రొట్టె కూడా..."

బండి దగ్గరకొచ్చాక దుప్పటి మొహం మీదాకా కప్పి ఉండడం చూశాడు.

సిలువ గుర్తు వేసుకోబోయి నుదుటి దగ్గరే చెయ్యి ఆపేశాడు. వేళ్ళు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. వాటి మధ్య ఒక మిడత కాలు ఇంకా ఆడుతోంది. ప్యాంటుకి తుడుచుకోబోయాడు. ప్యాంటు కూడా తారే. చేలో అపొలెనా తాడు పట్టుకునే కూర్చుండిపోయింది.

"బావా," అన్నాడు మతౌష్. దుప్పటి అంచు ఎత్తడానికి చెయ్యి చాచాడు.

రొజాలియా కళ్ళెం బిగించింది.

"ముట్టుకోకు. తారు అంటుతుంది."